రత్వేలి – కఖేతి సీమలో ద్రాక్షకోత

కాకసస్ పర్వతాలకు దక్షిణాన, నల్లసముద్రానికి తూర్పు తీరాన ఉన్న చిన్న దేశం జార్జియా. ఇదే పేరుగల అమెరికా రాష్ట్రం వేరు, ఈ దేశం వేరు. ఇక్కడి ప్రజలు తమ దేశాన్ని ‘సాకార్త్‌వేలో’ అని పిలుచుకుంటారు. 1991లో సోవియట్ యూనియన్ నుంచి విడివడి స్వతంత్రమైన ఈ దేశపు తూర్పు భాగమే కఖేతి సీమ. ఉత్తరాన మంచు కప్పిన కాకసస్ శిఖరాలు చలిగాలులకు అడ్డుగోడలా నిలుస్తాయి. వాటి పాదాల చెంత అలజాని నది పారే విశాలమైన లోయ ఉంది. ఎండ పుష్కలంగా కాసే ఈ లోయలో ఎటు చూసినా ద్రాక్షతోటలే. దేశం మొత్తంమీద పండే ద్రాక్షలో మూడింట రెండు వంతులకు పైగా ఈ ఒక్క సీమదే. తెలావి దీని ముఖ్యపట్టణం. కొండకొమ్మున కోటగోడల నడుమ నిలిచిన సిగ్నాగి పట్టణం నుంచి చూస్తే లోయ అంతా గళ్ల దుప్పటి పరిచినట్లు కనిపిస్తుంది.

మన పంచాంగంలో ఆశ్వయుజ కార్తిక మాసాలు శరదృతువు. ఇంచుమించు ఆ రోజులలోనే కఖేతిలో ద్రాక్ష పక్వానికి వస్తుంది. జార్జియన్ భాషలో ద్రాక్షకోతకు ‘రత్వేలి’ అని పేరు. సెప్టెంబరు నడిమినుంచి అక్టోబరు నడిమివరకు ఈ కోత సాగుతుంది. అక్టోబరుకు ఆ భాషలో ‘ఘ్వినోబిస్త్వే’ అనే ప్రాచీన నామం ఉంది. ద్రాక్షాసవపు నెల అని దాని అర్థం. రత్వేలిని పండుగ అనాలో, పని అనాలో తేల్చి చెప్పడం కష్టం. దానికి తిథి వార నక్షత్రాలు లేవు. ఏ ఊరిలో, ఏ తోటలో పండు ఎప్పుడు పండితే అక్కడ అప్పుడే పండుగ. సంక్రాంతి పంట ఇంటికి వచ్చిన తరువాత వచ్చే పండుగ. రత్వేలి మాత్రం పంట ఇంటికి వస్తూండగానే జరిగే పండుగ.

కోత ఏ రోజున మొదలుపెట్టాలో నిర్ణయించడం ఇంటి పెద్దకు పరీక్షవంటిది. పండులోని చక్కెరను కొలిచే పరికరాలు ఈనాడు ఊరూరా ఉన్నాయి. అయినా వృద్ధులు పండు నోట వేసుకొని, గింజ గోధుమవన్నెకు తిరిగిందో లేదో చూసి గాని మాట చెప్పరు. తొందరపడితే రసం పులుపెక్కుతుంది. ఆలస్యం చేస్తే వానలు ముంచుకొస్తాయి. వానకన్న భయంకరమైనది వడగండ్ల దెబ్బ. ఎండ ఎంత ధారాళమో వడగండ్ల బెడద కూడా కఖేతిలో అంతే. 2012 జులైలో పడిన పెద్ద వడగండ్ల వాన తెలావి, గుర్జాని ప్రాంతాలలోని తోటలను కొద్ది గంటలలోనే నేలపాలు చేసింది. మేఘాలలోకి రాకెట్లను ప్రయోగించి వడగండ్లు పెరగకుండా చూసే వ్యవస్థను 2015లో ప్రభుత్వం ఈ సీమలో నెలకొల్పింది. రత్వేలినాటి ఆనందంలో సగభాగం పంట ప్రమాదాలు దాటి చేతికి వచ్చిందన్న ఊరటే.

కోతనాడు రాజధాని త్బిలిసీ నుంచి కొడుకులు, కోడళ్లు, మనుమలు, వారి స్నేహితులు సొంత ఊరికి చేరుకుంటారు. ఇరుగుపొరుగువారు ఒకరి తోటలో ఒకరు బదులు పని చేస్తారు. తెలుగు పల్లెలలో నాట్లకూ కోతలకూ ఉండే బదుళ్ల పద్ధతి వంటిదే ఇదీ. పిల్లలు, పెద్దలు చిన్న కత్తులతో గుత్తులు కోసి బుట్టలలో వేస్తారు. నిండిన బుట్టలను ‘గోదోరి’ అనే పెద్ద గంపలలోకి వంచుతారు. పుల్లలతో అల్లిన ఈ గంప పైన వెడల్పుగా, అడుగున సన్నగా ఉంటుంది. దానిని వీపున వేసుకొని మోసేవారు. ప్లాస్టిక్ బకెట్లు వచ్చిన తరువాత గోదోరి చాలాచోట్ల గోడకు వేలాడే అలంకారంగా మారింది.

కఖేతి ద్రాక్షలలో రెండు రకాలు ప్రధానమైనవి. తెల్లనిది ర్కాత్సితేలి. దాని తొడిమ ఎరుపు, పేరుకు అర్థమూ అదే. నల్లనిది సపెరావి. అంటే రంగు వేసేది అని అర్థం. చాలా రకాల నల్లద్రాక్షలలో తొక్కకే గాని రసానికి రంగు ఉండదు. సపెరావి రసం కూడా ఎర్రగానే ఉంటుంది. కోసినవారి చేతులు కొన్నాళ్లపాటు ఆ రంగు విడువవు. జార్జియా మొత్తంలో 500కు పైగా దేశవాళీ ద్రాక్షరకాలను శాస్త్రజ్ఞులు గుర్తించారు. ఇంత చిన్న దేశంలో ఇన్ని రకాలు ఉండడం అబ్బురమే.

తోటనుంచి పండు ‘మరాని’కి చేరుతుంది. ద్రాక్షాసవం తయారుచేసి నిలువచేసే గదికి ఆ పేరు. పాత ఇళ్లలో అది దాదాపు పూజగదివలె పవిత్రమైన చోటు. అక్కడ పెద్ద చెట్టు బోదెను తొలిచి చేసిన తొట్టి ఉంటుంది. కాళ్లు శుభ్రంగా కడుక్కున్న మగవారు, పిల్లలు అందులోకి దిగి పండును తొక్కుతారు. కాలితో తొక్కితే గింజ నలగదు, నలగకపోతే రసానికి చేదు అంటదు. తొట్టినుంచి కారిన రసం కాలువగా పారి నేలలోని ‘క్వెవ్రి’లో పడుతుంది.

క్వెవ్రి అంటే కోడిగుడ్డు ఆకారంలో, అడుగు సన్నగా ఉండే మట్టిబాన. చిన్నవి కొద్ది లీటర్లవి, పెద్దవి వేల లీటర్లు పట్టేవి. దానిని మెడదాకా భూమిలో పాతిపెడతారు. పూర్వం తెలుగు రైతులు ధాన్యాన్ని పాతరలో దాచిన విధానం ఎరిగినవారికి ఈ ఏర్పాటు వింతగా తోచదు. భూమి లోపల ఎండాకాలమైనా చలికాలమైనా చల్లదనం ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. రసం నెమ్మదిగా పులియడానికి అదే ఆధారం. క్వెవ్రిని కుమ్మరి సారెమీద చేయడు. మట్టిని తాళ్లలా పేని, చుట్టమీద చుట్ట పేర్చి, ఒక వరుస ఆరిన తరువాత మరొక వరుస ఎత్తుతాడు. ఒక పెద్ద బాన పూర్తి కావడానికి వారాలు, నెలలు పడుతుంది. ఆపైన రోజుల తరబడి ఆవంలో కాల్చి, వేడిగా ఉండగానే లోపలి గోడలకు తేనెమైనం పూస్తారు. కఖేతిలో వర్దిసుబాని గ్రామం ఈ పనికి పేరుపొందింది. ఈ విద్య పుస్తకాలలో లేదు, తండ్రి చేతినుంచి కొడుకు చేతికి వచ్చినదే. క్వెవ్రి చేసే కుమ్మరి కుటుంబాలు ఈనాడు దేశంలో బహు కొద్ది.

ఐరోపాలోని ఇతర దేశాలలో తెల్లద్రాక్ష రసాన్ని తొక్కనుంచి, గింజనుంచి వేరుచేసి పులియబెడతారు. కఖేతి పద్ధతి వేరు. తొక్క, గింజ, పండిన తొడిమ అన్నీ రసంతోపాటే క్వెవ్రిలోకి వెళతాయి. ఈ పిప్పిని ‘చాచా’ అంటారు. పులిసే రోజులలో పైకి తేలిన చాచాను పొడుగుకర్రతో రోజుకు అనేకమార్లు లోపలికి అదుముతారు. పులియడం ఆగిన తరువాత మూతపెట్టి, మట్టితో మూసివేసి, అయిదారు నెలలు కదపకుండా ఉంచుతారు. అందువల్లనే ఇక్కడి తెల్లద్రాక్షాసవం తెల్లగా ఉండదు, పచ్చి తేనె రంగులో ఉంటుంది, నాలుకకు వగరు తగులుతుంది. తెలుగు లాక్షణికులు సులభగ్రాహ్యమైన కవిత్వాన్ని ద్రాక్షాపాకమన్నారు, పీచు వొలిచి చిప్ప పగులగొడితే గాని రుచి తెలియని కవిత్వాన్ని నారికేళపాకమన్నారు. కఖేతి రైతు చేతిలో పడితే ద్రాక్షకూడా నారికేళపాకమే.

మరానిలో మగవారు ఈ పనిలో ఉండగా, పెరటిలో స్త్రీలు మరొక పని సాగిస్తారు. అక్రోటు పప్పులను దారానికి దండలుగా గుచ్చుతారు. పెద్ద రాగి జ్యోతిలో తాజా ద్రాక్షరసాన్ని మరిగించి, పిండి కలిపి, చిక్కని జావలాగ ఉడికిస్తారు. కలపడం ఒక్క నిమిషం ఆపినా ఉండలు కడుతుంది, అడుగంటుతుంది. దండలను ఆ జావలో ముంచి, తీసి, ఎండలో వేలాడదీస్తారు. ఆరిన దండను మళ్లీ ముంచుతారు. దూరంనుంచి చూసేవారికి కొవ్వొత్తుల గుత్తులు వేలాడుతున్నట్లు ఉంటుంది. దీనిపేరు చుర్చ్‌ఖేలా. నెలల తరబడి చెడదు, కొద్దిగా తిన్నా ఆకలి తీరుతుంది. పూర్వం సైనికులు దీనిని మూటగట్టుకొని యుద్ధాలకు వెళ్లేవారు. ఇంకొకపక్క ‘తోనె’ అనే మట్టిపొయ్యి లోపలి గోడకు రొట్టెలు అంటిస్తుంటారు. పడవవలె పొడుగ్గా, రెండు కొసలు మొనదేలి ఉండే ఈ రొట్టె పేరు శోతి. హైదరాబాదులో తందూరు రొట్టె కాల్చే విధానం చూసినవారికి తోనెను గురించి వేరుగా చెప్పనక్కరలేదు. ఎండిన ద్రాక్షతీగలను మంటబెట్టి, ఆ నిప్పులమీద మాంసపు ముక్కలను శలాకలకు గుచ్చి కాలుస్తారు. తోటలో ఏదీ వృథాపోదు.

చీకటి పడేవేళకు అందరూ ‘సుప్రా’కు కూర్చుంటారు. సుప్రా అంటే విందు. అయితే అది తిని తాగి లేచిపోయే విందు కాదు. దానికి ‘తమదా’ అనే పెద్ద ఒకరుంటారు. తమదా లేచి ఒక విషయంమీద మాట్లాడిన తరువాతనే అందరూ పాత్ర ఎత్తాలి. ఎవరికి తోచినప్పుడు వారు తాగడం మర్యాద కాదు. మాటలకు ఒక వరుస ఉంటుంది. మొదట దైవం, శాంతి, ఆ తరువాత మాతృభూమి, తల్లిదండ్రులు, ఆ పిమ్మట గతించినవారు. గతించినవారిని తలచుకొన్న వెంటనే పిల్లలను తలచుకొంటారు. ఈ క్రమం ఊరకే వచ్చినది కాదు. చనిపోయినవారు నాటిన తీగకే ఈ ఏటి పండు కాసింది, రేపు దానిని కోయవలసినవారు పిల్లలే. తమదా ఒక మాటను కొనసాగించమని వేరొకరికి అప్పగిస్తే దానిని ‘అలవెర్ది’ అంటారు. అప్పగింత అందుకొన్నవారు అదే విషయాన్ని కొత్తగా చెప్పాలి. మాట నేర్పు లేనివాడు తమదా కాలేడు. ఎంత తాగినా తూలడం, మాట తడబడడం తమదాకు తలవంపు.

మాటల నడుమ పాటలు సాగుతాయి. కఖేతి పాటలో ఇద్దరు గాయకులు ఒకరినొకరు అల్లుకొంటూ పైస్థాయిలో పాడుతుంటే, మిగిలినవారంతా కింద ఒకే స్వరాన్ని శ్రుతిలాగ పట్టి ఉంచుతారు. తంబురా శ్రుతికి అలవాటుపడిన చెవికి ఈ గానం పరాయిదిగా తోచదు. జార్జియా బహుస్వర గానాన్ని యునెస్కో 2001లోనే మానవాళి వారసత్వంగా ప్రకటించింది. కఖేతికి చెందిన ‘చాక్రులో’ అనే పాటను 1977లో అంతరిక్షంలోకి పంపిన వాయేజర్ నౌకలలోని బంగారు ఫలకంమీద ముద్రించారు.

ఈ వర్ణన చదివే తెలుగు విద్యార్థికి ఒక సందేహం కలగడం సహజం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారాపై తిరగబడిన చరిత్ర గల భాషలో మద్యపు పండుగను గురించి పాఠమేమిటని అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కూలి డబ్బును, కుటుంబాన్ని మింగిన సారా అంగడికీ, ఇంటివారే పండించి చేసుకొని అతిథి ఎదుట మాత్రమే ఎత్తే పాత్రకూ భేదం ఉంది. అంతమాత్రాన సుప్రా దోషరహితమని చెప్పడం సత్యం కాదు. మితం తప్పించేవారు అక్కడా ఉన్నారు, పెక్కు సుప్రాలలో స్త్రీల వంతు వంటపనే అన్న విమర్శా ఉంది. కఖేతి ప్రజలు ద్రాక్షతీగను ఎందుకింతగా పట్టుకొని ఉన్నారో తెలియడానికి వారి చరిత్రను చూడాలి.

త్బిలిసీకి దక్షిణాన గదాచ్రిలి గోరా, శులావెరిస్ గోరా అనే చోట్ల జరిగిన తవ్వకాలలో దొరికిన పాత్రల పెంకులపై ద్రాక్షాసవపు ఆనవాళ్లు కనిపించాయి. అవి క్రీస్తుపూర్వం 6000 – 5800 మధ్యకాలానివని 2017లో శాస్త్రజ్ఞులు వెల్లడించారు. అంటే ఎనిమిదివేల ఏళ్లనాటివి. క్రీస్తుశకం నాలుగో శతాబ్దంలో ఈ దేశానికి క్రైస్తవాన్ని తెచ్చిన సాధ్వి నీనో, ద్రాక్షకొమ్మలను తన వెంట్రుకలతో కట్టి శిలువ చేసుకొన్నదని ఐతిహ్యం. ఆమె సమాధి సిగ్నాగి దగ్గరి బోద్బే మఠంలో ఉంది. దేవమాతను ద్రాక్షతోటగా సంబోధించే ఒక ప్రసిద్ధ స్తోత్రాన్ని పన్నెండో శతాబ్దపు రాజు దెమెత్రే రచించాడని చెబుతారు. అది నేటికీ పెళ్లిళ్లలో వినిపిస్తుంది.

మత విశ్వాసానికీ కోతకాలానికీ ముడిపడిన ఉత్సవం ‘అలవెర్దోబా’. తెలావి సమీపంలో, మైదానం నడుమ, పదకొండో శతాబ్దంలో కట్టిన అలవెర్ది మహామందిరం యాభై మీటర్లకు పైబడిన ఎత్తుతో నిలిచి ఉంది. సెప్టెంబరు చివర అక్కడ జరిగే ఈ జాతరకు పూర్వం చుట్టుపక్కల కొండజాతులవారు, అన్యమతస్థులు సైతం వచ్చి వారాల తరబడి విడిది చేసేవారు. కొండవారు జున్ను, ఉన్ని తెచ్చేవారు, లోయవారు ధాన్యం, ద్రాక్షాసవం ఇచ్చేవారు. ఈ రాకపోకలు పూర్తిగా ఆగిపోలేదు. ఉత్తరాన ఉన్న తుషేతి కొండలలోని గొర్రెలకాపరులు శరత్తులో మంచు దారి మూయకముందే 2,800 మీటర్లకు పైగా ఎత్తున్న అబానో కనుమ దాటి మందలను లోయలోకి తోలుకొస్తారు. ద్రాక్షబండి ఒక పక్కకు ఒదిగి, వేల గొర్రెలు దాటేవరకు ఆగవలసిందే.

ఈ తోటలు నిరంతరంగా ఉన్నాయనుకోరాదు. 1614 – 1617 మధ్య ఇరాన్ పాలకుడు షా అబ్బాస్ చేసిన దండయాత్రలలో కఖేతి పాడుబడింది. లక్షకు పైగా జనాన్ని బందీలుగా ఇరాన్‌కు తరలించారని ఆనాటి పారసీక చరిత్ర రచనలే చెబుతున్నాయి. వారి సంతతివారు ఫెరైదూన్‌షహర్ ప్రాంతంలో నేటికీ జార్జియన్ మాట్లాడుతున్నారు. ఊళ్లు ఖాళీ అయిన చోట తీగలు మళ్లీ నాటుకోవడానికి తరాలు పట్టింది.

సోవియట్ పాలనలో దెబ్బ మరొక విధంగా తగిలింది. తోటలు సమష్టి క్షేత్రాలయ్యాయి. కర్మాగారాలకు అధిక దిగుబడినిచ్చే కొద్దిరకాలే కావలసివచ్చాయి. వందల దేశవాళీ రకాలు మూలపడ్డాయి. క్వెవ్రి స్థానంలో ఇనుప తొట్లు వచ్చాయి. 1985లో గొర్బచోవ్ మొదలుపెట్టిన మద్యపాన వ్యతిరేక ప్రచారంలో ద్రాక్షతోటలను వేళ్లతో పెకలించారు. ఆ రోజులలో క్వెవ్రిని, మరుగునపడిన ద్రాక్షరకాలను బ్రతికించినవి ప్రభుత్వ సంస్థలు కావు. ఇంటిచుట్టూ ఉన్న చిన్న పెరడు, అందులోని నాలుగు వరసల తీగలు, కుటుంబం కోసం పాతిన రెండు మూడు బానలు. రత్వేలి పెరటిలోకి ముడుచుకొని ప్రాణం నిలుపుకొన్నది.

2006లో రష్యా జార్జియా ద్రాక్షాసవాన్ని నిషేధించింది. అప్పటివరకు ఎగుమతులలో అధికభాగం రష్యాకే వెళ్లేది. రైతు పండు కొనే నాథుడు లేకపోయాడు. అయితే ఆ కష్టకాలంలోనే ఉత్పత్తిదారులు నాణ్యతను పెంచి, ఇతర దేశాల వైపు చూశారు. బామ్మల కాలపు బానలకు మళ్లీ విలువ వచ్చింది. 2013లో రష్యా నిషేధం ఎత్తివేసింది. అదే ఏడాది క్వెవ్రి విధానాన్ని యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ రెండింటిలో దేని ప్రభావం ఎక్కువో చెప్పడం కష్టం. ఎగుమతులలో పెద్ద వాటా మళ్లీ రష్యాకే చేరింది. ఒకే కొనుగోలుదారుమీద ఆధారపడడం ఎంతటి ప్రమాదమో ఒకసారి చవిచూసిన రైతుకు ఈ సంగతి మనశ్శాంతి కలిగించదు.

నేడు శరత్కాలంలో కఖేతికి దేశదేశాల యాత్రికులు వస్తున్నారు. వైద్యవిద్య కోసం త్బిలిసీలో ఉంటున్న తెలుగు విద్యార్థులకు కూడా ఇది రోజులో వెళ్లిరాదగిన దూరం. రుసుము చెల్లిస్తే తొట్టిలో దిగి అరగంట పండు తొక్కనిస్తారు, చుర్చ్‌ఖేలా ముంచనిస్తారు. పల్లెకు దీనివల్ల ఆదాయం వస్తున్నమాట నిజం. కాని తోటలో పనిచేసే చేతులు తగ్గుతున్నాయి. 2002 జనాభా లెక్కలలో 4 లక్షలకు పైగా ఉన్న కఖేతి జనసంఖ్య 2014 నాటికి 3 లక్షల 18 వేలకు పడిపోయింది. యువతరం రాజధానికో, ఐరోపాకో ఉపాధి వెతుక్కుంటూ పోయింది. రత్వేలికి వచ్చిన పిల్లలు ఆదివారం సాయంత్రానికి తిరుగుప్రయాణమవుతారు. మరునాటి నుంచి చాచాను అదమడానికి రోజుకు నాలుగైదుమార్లు మరానిలోకి దిగేది ఇంట మిగిలిన వృద్ధులే.

పెక్కు ఇళ్లలో ఒక బానను వేరుగా ఉంచుతారు. దానిలోని ఆసవానికి ‘జెదాషె’ అని పేరు. కోతలోని మేలైన తొలిరసాన్ని అందులో నింపుతారు. అమ్మకానికి గాని, మామూలు విందుకు గాని దానిని తీయరు. పర్వదినాన దైవానికి, గతించిన పెద్దలకు సమర్పించడానికి మాత్రమే తెరుస్తారు. అన్ని బానల మూతలకూ మట్టి మెత్తడం పూర్తయ్యేసరికి నవంబరు వస్తుంది, కొండలపై మంచు కిందికి దిగుతుంది. అప్పటికి తోటలో ఆకులు ఎర్రబడి రాలుతుంటాయి. ఎండిన తీగలను కత్తిరించి, కట్టలుగా కట్టి, వచ్చే ఏటి నిప్పు కోసం చూరు కింద పేరుస్తారు.

అభ్యాసం

1. రత్వేలిని పండుగ అనాలో, పని అనాలో తేల్చి చెప్పడం ఎందుకు కష్టమో వివరించండి.
2. సోవియట్ పాలనలో క్వెవ్రి విధానం ఎలా నిలిచింది? పాఠం ఆధారంగా వ్యాసం రాయండి.
3. సుప్రాలో గతించినవారి తరువాత పిల్లలను తలచుకోవడంలోని భావం ఏమిటి?
4. కఖేతి ద్రాక్షను నారికేళపాకంతో పోల్చడంలోని ఔచిత్యాన్ని తెలపండి.
5. మీ ప్రాంతంలో కోతకాలపు బదుళ్ల పద్ధతిని గురించి పెద్దలనడిగి తెలుసుకొని పది వాక్యాలు రాయండి.